తల్లిగారింటి టేకుకు మళ్లీ రంగొచ్చింది: హనుమకొండ పాలిష్ మేస్త్రి పని ఎలా ఉందంటే

ఎండకూ వానకూ బయటే ఉండే చెక్కను బాగుచేయించాలంటే మన వరంగల్, హనుమకొండల్లో సరైన మనిషి దొరకడం కష్టం. దర్వాజలకు, మంచాలకు, సోఫాలకు పాలిష్ చేసేవాళ్లు వీధికొకరు ఉన్నారు. పైన కప్పు లేని చెక్క, కాళ్ల కింద తొక్కే చెక్క అన్నా సరే, చాలామంది అదే డబ్బా, అదే బ్రష్షు పట్టుకొని వస్తారు. మా సిటౌట్ (మేడ మీద ఆరుబయట కూర్చునే చోటు) పని చేసిన మేస్త్రి అలా రాలేదు. అందుకే ఈయన పని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను: చేయి మంచిది, చెప్పే మాట నిజం, టైముకు మాత్రం రాడు.

మా ఇల్లు వడ్డేపల్లి వైపు. మేడ మీద పడమటి దిక్కున 180 చదరపు అడుగుల సిటౌట్ ఉంది. నేలంతా టేకు పలకలు. ఈ టేకు దుకాణంలో కొన్నది కాదు. పరకాల దగ్గర మా తల్లిగారి ఊళ్లో పాత భవంతి ఇల్లు విప్పినప్పుడు వచ్చిన దూలాలు, వాసాలు ఇవి. అన్నదమ్ములు తలా కొంత తీసుకుంటే నా వంతుకు వచ్చిన కట్టెను సామిల్లులో కోయించి, అంగుళం మందం పలకలు చేయించుకున్నాను. అంచుల్లో అక్కడక్కడా తెల్లచెక్క తగిలింది గానీ మిగతాదంతా చేవే, అంటే మాను లోపలి గట్టి చెక్కే. మా తాత ఎక్కడి నుంచి తెప్పించాడో తెలుసుకుందామంటే చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. మన వైపు మంచి టేకు అంటే ఏటూరునాగారం, జన్నారం పేర్లే ముందు వస్తాయి కాబట్టి మా ఇంట్లో అందరూ ఏటూరునాగారం కట్టే అనుకుంటారు. ఏ అడవిదైనా అంత ముదురు చేవను ఇవాళ కొని నేలకు పరిచే స్తోమత మాకు లేదు. పాడైంది తీసేసి టైల్స్ వేసుకోండి అని సలహా ఇచ్చినవాళ్లకు నేను ఈ సంగతే చెప్పాను.

పాడైందని వాళ్లు అనడానికి కారణం ఉంది. ఇల్లు కట్టిన కాంట్రాక్టరు తన మనుషులతో ఆ పలకలకు మెలమైన్ పాలిష్ కొట్టించాడు. గృహప్రవేశం నాడు బ్రహ్మాండంగా మెరిసింది. మొదటి వానాకాలానికే తెల్లతెల్లగా పొగచూరినట్టు మచ్చలు పడ్డాయి, ఆ మరుసటి ఎండాకాలానికి పొరలు పొరలుగా లేచి కాలికి అంటుకోవడం మొదలైంది. లేచినచోట బయటపడ్డ చెక్క బూడిద రంగుకు తిరిగింది. పిల్లలు వట్టి కాళ్లతో నడిస్తే పేళ్లు గుచ్చుకునేవి. ఇనుప స్క్రూలు తుప్పు పట్టి, ప్రతి స్క్రూ చుట్టూ నల్లటి వలయం ఏర్పడింది.

మేస్త్రి చూడటానికి వచ్చిన రోజు ముందు రేటు మాట ఎత్తలేదు. కింద కూర్చొని, చిన్న గీకుడు బ్లేడుతో ఒక మూల గోరంత మేర గీకాడు. బూడిద పొర పోయి కింద తేనెరంగు కనపడింది. "సూడక్కా, పైన ఎంట్రుకంత మందమే పోయింది. లోపల మీ కట్టె గట్టిగున్నది" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. తర్వాత ఒక చెంబుడు నీళ్లు తెప్పించి, పాలిష్ మిగిలినచోట కొన్ని, పోయినచోట కొన్ని పోశాడు. పాలిష్ ఉన్నచోట బొట్లు నిలిచాయి గానీ అంచుల్లోంచి నీరు పొర కిందికి పాకడం కంటికి కనపడింది. లేనిచోట చెక్క వెంటనే తాగేసింది.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. మెలమైన్ లాంటివి చెక్క మీద పొర కడతాయి. ఇంట్లో అయితే ఏళ్లు నిలుస్తాయి. బయట చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. మన దగ్గర రోహిణి కార్తెలో 45 డిగ్రీల దాకా పోయే ఎండ, వెంటనే మృగశిర వాన. చెక్క అలా కదులుతుంటే గట్టి పొర దాంతోపాటు సాగలేక పగులుతుంది. ఒక్క పగులు చాలు, నీరు లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేక పొరను లేపేస్తుంది. మళ్లీ అదే కొట్టమంటే కొడతాను గానీ రెండేళ్లకు మళ్లీ నన్నే తిట్టుకుంటారు అన్నాడు. నేను మెరుపు బాగుంటుంది కదా అంటే, "మెరుపు గావాల్నంటే దర్వాజకు చేస్త. దీనికి నూనె పట్టియ్యాలె" అని తేల్చేశాడు. డబ్బు ఎక్కువ వచ్చే పనిని వద్దని చెప్పిన మేస్త్రిని నేను చూడటం తక్కువ.

బూడిద రంగు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని కుళ్లు అనుకుంటారు. చెక్కలో పోగులను పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పై పొరలో ఆ లిగ్నిన్‌ను విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన పోగులే బూడిద రంగులో కనపడతాయి, అవే లేచి పేళ్లవుతాయి. టేకు చేవలో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి చెదలు, కుళ్లు అంత తొందరగా దరిచేరవు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. గట్టిగా ఉంటే పై పొర తీస్తే చాలు. మెత్తగా దిగిపోతే మాత్రం ఆ పలక మార్చాల్సిందే. మాకు గోడ పక్కన నీళ్ల పైపు కారేచోట ఉన్న రెండు పలకల చివర్లు అలా దిగాయి. వాటిని కోసి, మిగిలిన కట్టెతో అతుకు వేశాడు. అతుకు ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి కనపడుతుంది గానీ కొత్తవాళ్లు కనుక్కోలేరు.

పని సంక్రాంతి దాటాక మొదలైంది. కట్టె ఎండి ఉండాలి, ఎండ మరీ మండకూడదు అని ఆయనే ఆ సమయం పెట్టాడు. శివరాత్రి లోపల అయిపోవాలని నేను పట్టుబట్టాను.

మొదట సాండింగ్ మిషన్ (ఎమ్రీ కాగితంతో చెక్కను అరగదీసేది) ముట్టలేదు. మిగిలిన మెలమైన్ పొరను చేతి బ్లేడుతో గీకించాడు. మిషన్ పెడితే ఆ పొర వేడికి మెత్తబడి ఎమ్రీ కాగితానికి అట్టకడుతుందట, కాగితాలు దండగ. తర్వాత అయస్కాంతం ఒకటి తీసుకొని పలక పలక మీదా నడిపించాడు. పాత ఇంటి కట్టె కదా, విరిగిన మొలలు లోపల ఉండిపోతాయి. మూడు చోట్ల పట్టుకుంది. ఉలితో తవ్వి తీశాడు. ఆ తర్వాత తుప్పు స్క్రూలన్నీ విప్పి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వేశాడు, తలలు చెక్క లోపలికి దిగేలా. తల పైకి ఉంటే మిషన్ కాగితం చిరుగుతుంది, తలా అరుగుతుంది. ఈ తయారీకే పనిలో చాలా భాగం పోయింది. అక్కడ తొందర పడకపోవడం వల్లే మిగతాది బాగా వచ్చిందని నా నమ్మకం.

సాండింగ్ దగ్గర నేను పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాను. ఆయన దగ్గర ఉన్నది బాష్ కంపెనీ ఐదంగుళాల గుండ్రటి శాండర్, తిరుగుతూనే అటూ ఇటూ కదిలే రకం. బెల్టు మిషన్ ఎందుకు తేలేదని అడిగితే, అది పని తొందరగా చేస్తుంది గానీ ఒక్క క్షణం ఏమరినా నేలలో గుంట పెడుతుంది అన్నాడు. 60 నంబరు కాగితంతో మొదలుపెట్టాడు, నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నబడుతుంది. మొదలుపెట్టే ముందు ప్రతి పలక మీదా సుద్దముక్కతో అడ్డదిడ్డంగా గీతలు గీశాడు. ఎందుకో మొదట అర్థం కాలేదు. ఆ గీతలు పూర్తిగా పోయేదాకా మిషన్ నడవాలి. ఎక్కడైనా సుద్ద మిగిలితే అక్కడ పల్లం ఉందని, కాగితం ముట్టలేదని గుర్తు. నంబరు మార్చినప్పుడల్లా మళ్లీ సుద్ద గీతలు. కంటి అంచనా మీద వదిలేయకుండా ఇలా పరీక్ష పెట్టుకొని చేసే పద్ధతి నాకు ఎంతో నచ్చింది. సాయంత్రం టార్చిలైటు నేలకు ఆనించి అడ్డంగా వేసి, పలకల మీద గీతలేమైనా మిగిలాయా అని చూసుకునేవాడు.

బూడిద పోతున్నకొద్దీ టేకు వాసన ఇల్లంతా కమ్ముకుంది. పాత మొలల రంధ్రాల చుట్టూ ఉన్న నలుపు మాత్రం కాగితానికి పోలేదు. ఇనుము తుప్పు చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో కలిసి అలా లోపలికి దిగే మరక. దానికి ఆక్జాలిక్ యాసిడ్ వాడాడు, కెమికల్ దుకాణాల్లో తెల్లటి పలుకుల్లా దొరుకుతుంది. ప్లాస్టిక్ బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి, లీటరుకు యాభై గ్రాముల చొప్పున కరిగించి, బ్రష్షుతో మరకల మీద పూసి, ఓ ఇరవై నిమిషాలు ఉంచి, నీళ్లతో బాగా కడిగాడు. స్క్రూల చుట్టూ ఉన్న వలయాలు కళ్ల ముందే పలచబడ్డాయి. అది విషం, పిల్లలను ఆ వైపు రానీయలేదు. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకున్నాడు. తాతల నాటి మొలల రంధ్రాల నలుపును మాత్రం నేనే కొంత ఉంచమన్నాను. ఆ వాసాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పే గుర్తులు అవి. లప్పం పెట్టి మూసేస్తానన్నాడు గానీ వద్దన్నాను.

కడిగిన చెక్క పూర్తిగా ఆరనిచ్చి, 80 నంబరు, ఆ తర్వాత 100 నంబరు కాగితం పట్టి అక్కడితో ఆపేశాడు. నేను ఇంకా నున్నగా చేయమన్నాను. కాదన్నాడు, కారణం కూడా చెప్పాడు. 180, 220 నంబర్ల దాకా పోతే చెక్క పైభాగం మరీ నున్నబడి సందులు మూసుకుపోతాయి, నూనె లోపలికి దిగదు. పైగా వానకు తడిస్తే కాలు జారుతుంది. సోఫా చేతికి వేరు, నడిచే నేలకు వేరు అన్నమాట. చివరిసారి చేత్తోనే, చెక్క గీత వెంట కాగితం పట్టాడు.

నూనె విషయంలో మా చుట్టాల్లో ఒక పెద్దమ్మ కొబ్బరినూనె పూయమంది, పాత రోజుల్లో దర్వాజలకు అదే పూసేవాళ్లమని. పెద్దల మాట కొట్టేయలేక మేస్త్రినే అడిగాను. కొబ్బరినూనె, పల్లినూనె ఆరవు, జిడ్డుగానే ఉండి దుమ్ము పట్టుకుంటాయి. అవిసె నూనె లాంటివి గాలి తగిలితే గట్టిపడతాయి. బయటి చెక్కకు అమ్మే డెకింగ్ ఆయిళ్లలో చాలావాటికి అలాంటి ఆరే నూనెలే ఆధారం. ఎండకు కొంత రంగు కలిపినవి ఎక్కువ కాపాడతాయి, పూర్తిగా రంగులేనివి అంతగా ఆపలేవు. మేము లేత టేకు రంగు తీసుకున్నాం.

నూనె పట్టించే ముందు థిన్నర్ ముంచిన గుడ్డతో పలకలన్నీ తుడిచాడు. టేకులో సహజంగా ఉన్న జిడ్డు పైకి వచ్చి ఉంటే కొత్త నూనె సరిగా ఆరదు కాబట్టి. ఎండ దిగాక, సాయంత్రం పూట మాత్రమే పూశాడు. మధ్యాహ్నం వేడి పలక మీద పూస్తే లోపలికి దిగేలోపే పైనే ఆరిపోతుంది. రెండు పలకలు ఆ చివర నుంచి ఈ చివరదాకా పూయడం, పావుగంట ఆగడం, మిగిలిన నూనెను పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచేయడం. ఈ తుడవడమే ముఖ్యం. తుడవకపోతే రోజుల తరబడి బంకగా ఉంటుంది. మొదటి చేతికి చెక్క బాగా తాగింది, రెండో చేతికి తక్కువ. మూడోది కావాలా అంటే, తాగని చెక్కకు పూస్తే పొరే కడుతుంది కదక్కా, మళ్లీ మొదటికొస్తది అన్నాడు.

ఇక్కడ ఒక్క విషయం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే నిప్పంటుకోవచ్చు. ఆరే నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది, కుప్పగా ఉంటే లోపలే పెరుగుతుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. మేస్త్రి ప్రతి సాయంత్రం గుడ్డలను బకెట్ నీళ్లలో ముంచి పెట్టి, మర్నాడు ఆరుబయట విడివిడిగా పరిచేవాడు. ఆయన దగ్గర పనిచేసే కుర్రవాడు ఒకరోజు గుడ్డలు ముద్దచేసి సంచిలో కుక్కబోతే గట్టిగా కోప్పడ్డాడు. ఆ కోపం చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. మీ ఇంట్లో ఎవరు చేసినా ఈ గుడ్డల సంగతి ముందే అడగండి.

నచ్చనివి కూడా చెప్పాలి. పొద్దున తొమ్మిదికి అంటే పదకొండు, ఒక్కోసారి వేరే చోట పని తగిలి ఆ రోజుకు రానే రాడు. ఫోన్ చేస్తే "వస్తున్నక్కా, కాజీపేట చౌరస్తాల ఉన్న" అంటాడు. ఆఫీసుకు సెలవు పెట్టి కూర్చునేవాళ్లకు ఇది చాలా ఇబ్బంది. రెండోది దుమ్ము. మిషన్‌కు సంచి ఉన్నా టేకు పొడి సన్నటి పిండిలా లేచి పక్కింటి బట్టల మీద పడింది, వాళ్లతో నేను మాట పడ్డాను. ముందే గ్రీన్ నెట్ కట్టించాల్సింది మేస్త్రే. టేకు పొడి కొందరికి ఒంటి మీద దురద, ఊపిరికి ఇబ్బంది తెస్తుంది. ఆయన మాస్కు పెట్టుకున్నాడు గానీ కుర్రవాడికి నేను తెచ్చి ఇస్తేనే పెట్టుకున్నాడు. మూడోది, రెయిలింగ్ కాలు దగ్గర గుండ్రటి మిషన్ పట్టని మూలలో ఆ కుర్రవాడు గ్రైండర్ పెట్టి అర్ధచంద్రంలా చిన్న గాటు పెట్టాడు. మేస్త్రి చూసి చేత్తో సరిచేశాడు, పూర్తిగా పోలేదు. పొద్దు వాలేటప్పుడు అడ్డంగా వెలుతురు పడితే కనపడుతుంది.

రెయిలింగ్‌కు పాత ఇనామిల్ పెయింట్ ఉంటే దాన్ని వట్టి మిషన్‌తో గీకించకండి. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదనే నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ పొడి పిల్లలకు మంచిది కాదు. మా రెయిలింగ్ స్టీల్ది కాబట్టి ఆ బాధ లేకపోయింది.

మజూరీ చదరపు అడుగుకు 90 రూపాయలు, అంటే 16,200. స్క్రూలు, కాగితాలు, యాసిడ్, థిన్నర్, నూనె సామాను మాది. అతుకు వేసిన పలకలకు వేరే తీసుకోలేదు. ముందు చెప్పిన దానికంటే రూపాయి ఎక్కువ అడగలేదు. తక్కువకు చేస్తామన్నవాళ్లు ఉన్నారు, వాళ్లెవరూ స్క్రూలు విప్పుతామని చెప్పలేదు.

ఒక వానాకాలం గడిచింది. పొర అంటూ లేదు కాబట్టి లేచేదేమీ లేదు. రంగు ఎండ ఎక్కువ తగిలే పడమటి అంచున కొంచెం వెలిసింది. బతుకమ్మకు మా ఇంట్లో ఆడవాళ్లందరం అక్కడే కూర్చొని పేర్చాం. తడి తంగేడు, గునుగు కట్టలు రాత్రంతా పడి ఉన్నచోట మచ్చ పడింది. సబ్బునీళ్లతో, మెత్తటి బ్రష్షుతో రుద్దితే చాలావరకు పోయింది. పసుపు మరక ఎండకే పోతుంది, దాని గురించి బెంగ పడొద్దు. పూలకుండీల కింద నీళ్లు నిలిచి గుండ్రటి నల్ల మరకలు పడతాయి, కాళ్లున్న స్టాండ్ల మీద పెట్టించాను. రబ్బరు మ్యాట్లు తీసేశాను, వాటి కింద తేమ ఆరదు.

ఏడాదికోసారి నీళ్లు చిలకరించి చూడమన్నాడు మేస్త్రి. బొట్లుగా నిలిస్తే ఇంకా నూనె ఉన్నట్టు, చెక్క తాగేస్తే పైపైన కడిగి ఒక చేయి నూనె పట్టిస్తే చాలు, మళ్లీ మిషన్ అక్కర్లేదు. మొన్న చిలకరించాను. రెయిలింగ్ వైపు నాలుగైదు పలకలు తాగాయి, గోడ వైపువి ఇంకా నిలబెడుతున్నాయి. వచ్చే సంక్రాంతి తర్వాత ఆ ఒక్క చేయి కోసం ఈయననే పిలుస్తున్నాను. ఎవరికైనా పని ఉంటే దీపావళి లోపే మాట్లాడి పెట్టుకోండి, ఆ తర్వాత పెళ్లిళ్ల ఇళ్ల పాలిష్ పనులు మొదలైతే దొరకడు. వచ్చినప్పుడు గ్రీన్ నెట్ కట్టాకే మిషన్ ముట్టమని, మూలల్లో గ్రైండర్ వద్దని గట్టిగా చెప్పండి. వింటాడు.